గట్టి మంచు, కింద రవ్వ

పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం వచ్చేది కాదు. "మంచు తవ్వుతారు" అనేదాన్ని. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. కాకినాడ కుర్రాడు ఉప్పు తవ్వుతాడంటే నమ్ముతాం గానీ మంచు తవ్వడమేమిటే, అని మా పెద్దత్త అందరి ముందూ అనేసింది.

నిజానికి ఆయన పని అదే. హిమాచల్‌లో ఒక కనుమ దగ్గర రోడ్డు కాపలా చౌకీలో ఉండేవారు. పొద్దున్నే రోడ్డు పైనున్న కొండవాలు మీదకి వెళ్ళి, గొయ్యి తవ్వి, మంచు పొరలు పొరలుగా ఎలా పేరుకుందో చూడాలి. ఏ పొర బలంగా ఉంది, ఏది బలహీనంగా ఉంది, ఏ వాలు ఇవాళ నిలుస్తుంది, ఏది మనిషి కాలు పడితే చాలు జారిపోయేలా ఉంది అన్నది కింద ఆఫీసుకి చెప్పాలి. ఆయన మాటని బట్టి రోడ్డు తెరుస్తారు, లేదా మూస్తారు. చలికాలమంతా అక్కడే. కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేదు.

అత్తగారి పక్కన కూర్చుని క్యాలెండరు చూసుకోవడం కన్నా నా కాళ్ళ మీద నేనుండటం నయమనిపించి, రెండువేల పదకొండులో దుబాయ్ వచ్చేశాను. షార్జాలో ఉన్న మా ఆడపడుచు ఉద్యోగం చూసిపెట్టింది. దేవుడు ఎంత కొంటెవాడో చూడండి, నాకు దొరికిందీ మంచులోనే. ఒక మాల్‌లో మంచు హాలు. యంత్రాలతో మంచు కురిపించి, చిన్న కొండలా పోసి, వచ్చినవాళ్ళని దాని మీద జారనిస్తారు. నేను ముందు కౌంటర్లో చలికోట్లు ఇచ్చేదాన్ని. బయట తల మీద పొయ్యి పెట్టినట్టు ఎండ. లోపల నేను రెండు స్వెట్టర్ల మీద కోటు తొడుక్కుని "యల్లా, యల్లా, తొందరగా సైజు చెప్పండి" అంటూ ఉండేదాన్ని. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మంచు తిండే తింటున్నారని మా ఆడపడుచు ఎగతాళి చేసేది. ఒకే మంచు అయితే ఏం లాభం, మధ్యలో ఒక సముద్రమూ సగం దేశమూ ఉన్నాయి.

పక్కన బూట్ల కౌంటర్లో జగిత్యాల వైపు ఆమె ఒకతె ఉండేది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది. ఇంటర్నేషనల్ సిటీలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాళ్ళాయన ఆ పక్కనే అల్ వర్సాన్ కూలీల క్యాంపులో. శుక్రవారం వచ్చిందంటే చాలు, ఆమె తలంటుకుని, పూసల గొలుసు వేసుకుని, అతనితో కలిసి డేరా బజారుకి వెళ్ళిపోయేది. అబ్రా పడవ ఎక్కి అటూ ఇటూ తిరిగి, సాయంత్రానికి ముఖం నిండా నవ్వుతో వచ్చేది. నేను తలుపు తీసి "ఏమే, మీ ఆయన ఏం కొనిపెట్టాడు?" అని నవ్వుతూ అడిగేదాన్ని. లోపల కుళ్ళు, ఒట్టి కుళ్ళు. వారానికొక్క పూటైనా మొగుడి పక్కన నడిచే అదృష్టం నాకు లేదే అని శుక్రవారమంతా మూతి ముడుచుకుని బట్టలు ఉతుక్కునేదాన్ని.

నాకున్నది సాయంత్రం ఫోనొక్కటే. చౌకీ వెనక దిబ్బ ఎక్కితే తప్ప ఆయనకి సిగ్నల్ అందదు. ఆ చలిలో పాపం ఎక్కేవారు. ఎక్కి ఏం మాట్లాడతారు? "తిన్నావా?" "తిన్నాను. మీరు?" "తిన్నాను." అంతే, అయిపోయింది. ప్రేమగా రెండు ముక్కలు మాట్లాడవయ్యా మగడా అంటే ఆయనకి నోరు పెగలదు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. "ఇవాళ గోతిలో ఏం చూశారు?" అని అడిగాను. ఇంక చూస్కోండి, ఏరు పారినట్టు మాటలు. సిగ్నల్ పోయేదాకా ఆపలేదు.

అక్కడ మాకొక చిక్కొచ్చింది. మన తెలుగులో మంచు అన్నది ఒక్కటే మాట. పుష్యమాసంలో గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు కనబడకుండా కమ్మేదీ మంచే, మా ఆయన నడుం లోతు తవ్వేదీ మంచే. "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అని ఆయన ఫోన్లో చెబితే మా అత్తగారు "తలకి మఫ్లరు కట్టుకోరా, జలుబు చేస్తుంది" అనేది. పొరకొక పేరు లేకపోతే నాకు ఎలా అర్థమవుతుంది? అందుకని వంటింట్లోంచి తెచ్చుకున్నాం. ఆకాశం తేటగా ఉండి, చలి కొరికే రాత్రుల్లో మంచు మీద ఈకల్లాంటి తెల్లటి పలుకులు మొలుస్తాయి. అది ముగ్గు. పైన ఇంకో మంచు పడి ముగ్గుని కప్పేసిందా, ఆ పై మంచుకి పట్టు ఉండదు. చలికాలం మొదట్లో మంచు పలచగా పడి, చలి గట్టిగా ఉంటే, అడుగు మంచు పలుకులు పలుకులుగా విడిపోతుంది. పిడికిట పడితే అంటుకోదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. అది రవ్వ. గాలి మంచుని ఈడ్చుకొచ్చి ఒకచోట బిగించి పోస్తే అది అట్ట. అట్ట కట్టిందంటే మీకు తెలుసుగా, ఆరిన అట్లపిండిలా పైన బిరుసుగా ఉంటుంది.

నేను ఫోన్లో "ముగ్గు పడిందా? రవ్వ ఎంత లోతులో? అట్ట ఎంత మందం?" అని అడగడం విని విని, ఒకరోజు జగిత్యాల ఆమె ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, తప్పుగనుకోకు. మీ ఆయన ఆడ టిఫిన్ సెంటర్ పెట్టిండా?"

నేను మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాను. ఆ మాట మర్నాడు ఆయనకి చెబితే దిబ్బ మీద నుంచి ఆయనా నవ్వారు. అంత దూరం నుంచి ఆ నవ్వు ఎంత బాగుందో, ఇంకో వారం దాన్నే తల్చుకుంటూ కోట్లు మడతపెట్టాను.

ఆయన మొదటి చలికాలం సంగతి కూడా అలాగే ఒక సాయంత్రం చెప్పారు. కొత్తగా చేరినప్పుడు ఒక వాలు మీద బూటు దిగలేదట. సంబరపడి పై అధికారికి "గట్టిగా ఉంది సార్" అని రిపోర్టు ఇచ్చారు. మనవాళ్ళకి గట్టి అంటే మంచిదేగా. గట్టి పునాది అంటాం, గట్టి సంబంధం అంటాం, గట్టి మనిషి అంటాం. ఆ అధికారి గఢ్వాల్ వైపు ముసలాయన, తెలుగు ముక్క రాదు. ఆయన ఈ గట్టి కబురంతా హిందీలో విని, ఒకే మాట అడిగాడట. "నీచే క్యా హై?" కిందేముంది? ఈయన పార పట్టుకున్నారు. వెనక్కి వెళ్ళి తవ్వితే గట్టి అట్ట కింద మోకాలి లోతు రవ్వ. పైన పటారం, లోన లొటారం. మెత్తటి మంచైతే కాలు పడ్డచోటే కుంగి ఊరుకుంటుంది. గట్టి అట్ట అలా కాదు, ఒకచోట చిట్లితే వాలంతా ఒక్క పలకలా కదిలి వచ్చేస్తుంది. ఆ రోజు నుంచి ఆయన ఏ వాలు ముందు నిలబడినా ముందు అదే ప్రశ్న వేసుకునేవారు. నాకూ అంటుకుంది. కూరగాయల బండి దగ్గర టమాటాల పెట్టె చూసి "నీచే క్యా హై?" అంటే ఆ పఠాన్ ఉలిక్కిపడ్డాడు.

ఒక వేసవిలో ఆయన దుబాయ్ వచ్చారు, విజిట్ వీసా మీద. జగిత్యాల ఆమె మాకు గది వదిలేసి తెలిసినవాళ్ళింటికి వెళ్ళిపోయింది, తల్లి! ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పను గానీ, ఒక సాయంత్రం మాత్రం చెప్పాలి. చపాతీలు చేద్దామని నేను పీట తీస్తే ఆయన లాక్కున్నారు. పీట మీద మైదా పోసి, అరచేత్తో అదిమి, పీటని ఒక పక్క ఎత్తారు. ఇంకా ఎత్తారు. పిండి కదల్లేదు. తర్వాత తుడిచేసి, ముందు బొంబాయి రవ్వ చల్లి, దాని మీద మైదా పోసి అదిమి, మళ్ళీ ఎత్తారు. సగం కూడా ఎత్తలేదు, పిండి అడ్డంగా ఒక గీతలా చీలి, పలకలా మొత్తం జారి నా ఒళ్ళో పడింది.

"చూశావా? పైనుంచి చూస్తే రెండూ ఒకటే తెలుపు" అన్నారు.

"చూశాను. చీర తడిపి ఉతకాల్సింది కూడా నేనే" అన్నాను.

మంచు హాలుకి కూడా తీసుకెళ్ళాను. అందరూ జారుతుంటే ఈయన యంత్రం కొత్తగా పోసిన కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తొడుగు తీసి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టారు. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతున్నారు. జనం చూస్తున్నారు, నాకు సిగ్గు. "లేవండి బాబూ" అంటే లేచి, "ఒకటే పొర. దీనికి నిన్నా మొన్నా లేవు. దీని మీద ఎవరైనా రావచ్చు, పోవచ్చు" అన్నారు. నేను తొడుగు తీసుకుని ఆయన చేతికి తొడిగాను.

ఆ రాకలోనే అడిగేశాను. "ఇంకెన్నాళ్ళండీ ఇలా? వచ్చెయ్యండి." ఆయన "కొండ మీద చచ్చిపోయేవాళ్ళలో చాలామందికి మంచు తెలియక కాదే. ఇంటికెళ్ళే తొందర. మనసు వెళ్ళిపోదామంటే కళ్ళకి వాలు మంచిదిగానే కనబడుతుంది. నాకూ అలాగే కనబడుతోంది ఈ మధ్య. వచ్చేస్తాను" అన్నారు. విమానాశ్రయంలో "వెళ్ళొస్తాను" అన్నారు. "వెళ్ళి రండి" అన్నాను. మన ఇళ్ళల్లో ఉత్త వెళ్తాను అనకూడదు, ఉత్త వెళ్ళండి అనకూడదు. రావడం అన్న మాట నోట్లోంచి వదలకూడదు. మా అమ్మ నేర్పిన వాటిల్లో నేను ఎన్నడూ తప్పనిది అదొక్కటే.

ఆ తర్వాతి చలికాలంలో ఒక శుక్రవారం డేరాలో భోజనానికి వెళ్ళాను, ఒక ఆంధ్రా మెస్సుకి. గోడ మీద టీవీలో తెలుగు వార్తలు. అన్నంలో పప్పు కలుపుతుంటే కింద అక్షరాలు పరుగెత్తాయి: ఆ కనుమ పేరు, పక్కన "భారీ హిమపాతం." చెయ్యి అక్కడే ఆగిపోయింది. మన పేపర్లవాళ్ళు మంచు కురిసినా హిమపాతమే అంటారు, కొండ మీద నుంచి మంచు విరిగి మనుషుల మీద పడినా హిమపాతమే అంటారు. ఏ హిమపాతం? కురిసిందా, పడిందా? పక్క బల్ల మీద ఇద్దరు నెమ్మదిగా చేపల పులుసు తింటున్నారు. టీవీలో సినిమా కబుర్లు మొదలయ్యాయి. ఒక్క మాట, ఒక్క మాట సరిగ్గా రాయలేరా దరిద్రులు అని పైకే తిట్టాను. సాయంత్రం ఆయన ఫోను చేసి "ఒకటే కురుస్తోందే" అనేదాకా నేను మెట్రో స్టేషన్ బల్ల మీద కూర్చునే ఉన్నాను, గదికి వెళ్ళే ధైర్యం లేక.

ఆ రోజుతో పట్టుబట్టాను. కనబడిన ప్రతివాణ్ణీ అడిగాను. చివరికి ఆయనకి ఒక బిల్డింగుల కంపెనీలో సేఫ్టీ డిపార్ట్‌మెంటులో ఉద్యోగం కుదిరింది. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు ఆయన. ఫోన్లోనే మాట్లాడి, ప్రమాదం జరగకముందే చూసే మనిషి కావాలి, ఇతన్ని పంపమన్నాడు. వీసా వచ్చింది. మా ఆయన రాజీనామా ఇచ్చేశారు. ఆదివారం చేరాలి. ఆదివారం రాకపోతే ఖలాస్, ఇంకొకరిని తీసుకుంటామని ముదీర్ తేల్చి చెప్పాడు. నేను కొత్త దుప్పట్లు కొన్నాను. వేరే చిన్న గది మాట్లాడాను. జగిత్యాల ఆమె "అక్కా, ఇగ శుక్రవారం నలుగురం బోదాం అబ్రా మీద" అంది. ఆ అబ్రాలో నేను ఏ వైపు కూర్చోవాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

సరిగ్గా ఆ వారమే కనుమ మూసుకుపోయింది. వరసగా మంచు కురిసి, గాలి వీచి, ఆకాశం తేరుకుంది. వాహనాలు రావు. కిందికి దిగాలంటే నడిచే రావాలి, ఒక పెద్ద వాలుని అడ్డంగా దాటి. చౌకీలో ఉన్న ఇద్దరు స్థానికులు వాళ్ళింట్లో పెళ్ళుందని మర్నాడు పొద్దున్నే దిగుతున్నారట. ఆ సాయంత్రం ఆయన ఫోను చేశారు. ఆ గొంతులో అంత హుషారు నేను అంతవరకు వినలేదు.

"వాళ్ళతో నేనూ వచ్చేస్తున్నానే. చూసొచ్చాను. గట్టిగా ఉంది, బూటు దిగట్లేదు. ఎల్లుండికి ఢిల్లీ, ఆదివారానికి నీ దగ్గర."

నా గుండె గంతులేసింది. "రండి, రండి" అని నోటి చివరిదాకా వచ్చింది. అంతలో ఆ మాట చెవిలో పడింది. గట్టిగా ఉంది. ఆ చలికాలం మొదట్లో ఆయనే రోజూ చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. ఈ ఏడు మంచు ఆలస్యమైందే, పలచగా పడిందే, ఆకాశం తేటగా ఉండి చలి చంపేస్తోందే, అడుగున రవ్వ కట్టిందే అన్నారు. ఆ మాటలు మొగుడి ముద్దుమాటల్లా దాచుకున్నదాన్ని, ఎలా మరిచిపోతాను?

"ఏవండీ, నీచే క్యా హై?" అన్నాను.

"ఇక్కడ గాలి ఎక్కువగా ఉందే" అన్నారు.

"మిమ్మల్నే. తవ్వారా?"

"తవ్వాను."

"కిందేముంది?"

"ఉన్నదేలే, ఎప్పట్నుంచో ఉన్నదే. లోతున ఉంది. అంత లోతుకి మనిషి బరువు దిగదు. ఒక్కొక్కళ్ళం దూరం దూరంగా..."

"కిందేముందండీ?"

"రవ్వ" అన్నారు, చిన్నపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు. ఆపైన, "పొద్దున నడుస్తుంటే వాలు అంచున ఒకసారి ధబ్బుమంది కాళ్ళ కింద" అన్నారు. అలా ధబ్బుమంటే లోపల రవ్వ కూలిందని అర్థం. అది నాకు నేర్పింది ఆయనే. ఇంకెవరైనా ఆ మాట చెబితే ఆయనే ఆ వాలుని మూసేయమని రిపోర్టు రాసేవారు. తన విషయానికొచ్చేసరికి ఆదివారం అడ్డొచ్చింది.

నా గదిలో కొత్త దుప్పట్లు కవర్లు కూడా విప్పకుండా ఉన్నాయి. వాటిని చూస్తూ అన్నాను.

"రాకండి."

పుట్టి బుద్ధెరిగి నేను ఎవరినీ అనని మాట అది. శుభం పలకరా అంటే ఇదా అని మా అమ్మ వింటే చెంప పగలగొట్టేది. ఆయన "సరే" అన్నారు. ఫోను పెట్టేశాక నేను కొత్త దుప్పటి ఒకటి చింపేశాను, రెండు చేతులా పట్టుకుని. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం కౌంటర్లో ఉండగా ఆయనే ఫోను చేశారు.

"వాళ్ళిద్దరూ దిగిపోయారే. కింద టీ తాగుతున్నారట."

చేతిలో కోటు జారిపోయింది. "అంటే మీరూ వచ్చేసేవారు" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు.

"ఏమో."

"ఏమో ఏంటండీ! దాటారుగా వాళ్ళు! నా నోరు పడిపోను, నేనే వద్దన్నాను."

"బావిగోడ మీద నడిచినవాడు పడలేదని గోడ రోడ్డయిపోదే" అన్నారు. తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "రమ్మనేవాళ్ళు ఎంతమందైనా ఉంటారు. రావద్దని ఏడ్చేది నువ్వొక్కదానివే. నాకు తెలియదనుకున్నావా?" అన్నారు. ఆయన జన్మలో మాట్లాడిన ప్రేమ మాటలు అవే. అంతలో సిగ్నల్ పోయింది.

ఆ వాలు ఆ ఏడు జారనే లేదు. ఎండలు ముదిరేదాకా అలాగే నిలబడి, బుద్ధిగా కరిగి, నీళ్ళయి ఏట్లో కలిసిపోయింది. ఉద్యోగం వేరేవాళ్ళకి పోయింది. చౌకీ వాళ్ళు ఆయన రాజీనామా చింపేసి, వేరే మనిషి లేడు కాబట్టి ఉండమన్నారు. మేమిద్దరం ఒక కప్పు కిందికి చేరడానికి ఇంకా రెండు చలికాలాలు పట్టింది, అదీ దుబాయ్‌లో కాదు. నేను చెప్పింది సరైనదో కాదో కొండ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన్ని అడిగితే "ఏమో" అనే అంటారు ఇప్పటికీ.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ ఆదివారం. ఆయన వచ్చి చేరాల్సిన ఆదివారం. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాను. హాలు ఇంకా తెరవలేదు, లైట్లు సగమే వేశారు. యంత్రం రాత్రి పోసిన కొత్త మంచు కుప్ప ఒక మూల ఉంది, ఆయన కూర్చున్న చోటే. నేనూ మోకాళ్ళ మీద కూర్చుని, తొడుగు తీసేసి, భుజం దాకా చెయ్యి పెట్టాను. తడిమి తడిమి చూశాను. పైనుంచి అడుగు దాకా ఒకటే పొర. ముగ్గు లేదు, అట్ట లేదు, ఎక్కడా రవ్వ లేదు.

"రండి" అన్నాను పైకే. ఇంకోసారి అన్నాను. "వచ్చెయ్యండి, ఏమీ లేదు కింద. రండి."

వెనక బూట్లు సర్దుతున్న జగిత్యాల ఆమె తలెత్తింది.

"ఎవల్ని పిలుస్తున్నవక్కా? ఇంక గేట్లు తియ్యలే."

"తెలుసులేవే" అన్నాను, చెయ్యి బయటికి తీసుకుంటూ.